నోరు చిరగని పండుగప్ప

మా మామగారిని నేను మొదట్నుంచీ అనుమానించాను. ఆయనా నన్ను అనుమానించారు. అందువల్ల మా మధ్య పెద్దగా గొడవలు రాలేదు.

పెళ్లిచూపులకి వెళ్లిన రోజు ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "పేపరువాళ్లకి జీతం ఇస్తారా, లేక మీరే చూసుకోవాలా?" అని. మా నాన్న ముఖం మాడిపోయింది. నాకు మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు. "ఇస్తారండి, కాని అడగాలి" అన్నాను. ఆయన తలూపి, లోపలికి తిరిగి "కాఫీ పట్రండి" అన్నారు. సంబంధం ఖాయమైందని అప్పుడే తెలిసింది.

ఆయన మీద నా అనుమానానికి కారణం వేరు. పద్దెనిమిదేళ్లు సైన్యంలో పనిచేసిన మనిషి ఒక్క కథ కూడా చెప్పేవారు కాదు. యానాంలో నాకు తెలిసిన మాజీ సైనికులందరూ టీ కొట్టు దగ్గర నిలబడితే కనీసం గంటసేపు సరిహద్దులో ఉంటారు. ఈయన్ని అడిగితే "బండి తోలానండి" అనేవారు. ఎక్కడ తోలారంటే "కొండల్లో." ఎలా ఉండేదంటే "ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు." అంతే. ఒక మనిషి తన గురించి ఏమీ చెప్పడం లేదంటే ఏదో దాస్తున్నాడని విలేకరి ముక్కు చెబుతుంది. నాది మంచి ముక్కేనని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఇంట్లో ఆయన వేరే మనిషి. సెలవు మీద వచ్చినన్ని రోజులూ ఇద్దరు కూతుళ్లకీ ఆయనే జడలు వేసేవారట. రెండు జడలూ ఒకే పొడవు, ఒకే చోట రిబ్బను. స్కేలు పెట్టి కొలిచేవారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. దోమతెర మడతపెడితే నాలుగు అంచులూ కలవాల్సిందే. పిల్లలకి జ్వరం వస్తే గంటగంటకీ ఎంతుందో గోడ మీద పెన్సిలుతో రాసేవారు. కనకాలపేటలోని ఆ ఇంటి గోడ మీద సున్నం కింద ఆ అంకెలు కొన్ని ఇంకా కనిపిస్తాయి. సైన్యం నుంచి వచ్చాక ప్రభుత్వాఫీసులో డ్రైవరుగా చేసి అక్కడా రిటైరయ్యారు. ఊళ్లో అందరికీ ఆయన 'మిలటరీ బాబు'.

ఇంటి తరవాత ఆయనకి ఉన్నది ఏరొక్కటే. అడవిపొలం ఊరు దాటాక ఏటి పాయ ఒడ్డున ఒక చిన్న పడవ ఉండేది. తెడ్డు, గెడ, రెండు గాలాలు, ఎర డబ్బా, సత్తు గిన్నె. తెల్లవారుజామున పోటు చూసుకుని మడ అడవి వైపు వెళ్లి, నీరు వెనక్కి తీసే పాటుతో తిరిగి వచ్చేవారు. బురదలో అడుగు చూసి ఇది నీటికుక్క, ఇది బావురుపిల్లి అని చెప్పేవారు. ఒకసారి నన్ను తీసుకెళ్లారు. మూడు గంటల్లో ఆయన మాట్లాడినవి రెండు మాటలు. ఒకటి "కదలకండి." రెండోది కూడా "కదలకండి." మళ్లీ ఎప్పుడూ రమ్మనలేదు. ఎవర్నీ వెంట రానిచ్చేవారు కాదు. ఆ విషయం కూడా నా బుర్రలో ఒక మూల ఉండిపోయింది.

యానాంలో మందు చవక. వంతెన దాటి పక్క రాష్ట్రంలోకి వెళ్తే ఖరీదు. రోడ్డు మీద చెక్‌పోస్టులున్నాయి కాబట్టి సరుకు నీళ్ల మీద పోతుంది. తెల్లవారుజాము, చిన్న పడవ, ఎవర్నీ దగ్గరికి రానివ్వని మనిషి అంటూ నేనే చాలా వార్తలు రాశాను. సొంత మామగారి విషయంలో ఆ మూడూ సరిపోతున్నాయని ఏనాడో గమనించాను. మా ఆవిడకి చెప్పే ధైర్యం చెయ్యలేదు.

కరోనా తగ్గాక వచ్చిన వానాకాలం అది. ఒక ఆదివారం భోజనానికి వెళ్లేసరికి అత్తగారు పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా పళ్లెంలో పెద్ద పండుగప్ప. దాన్ని కొయ్యకుండా చూస్తున్నారు.

"అల్లుడుగారూ, ఒకసారి ఇలా రండి. దీని నోరు చూడండి."

చూశాను. చేప నోరు చేప నోరులాగే ఉంది.

"గాలానికి పడితే పెదవి దగ్గర చిల్లు పడుతుంది. ఇంత చేప ఊరుకోదు కదా, గింజుకుంటే చిరుగుతుంది కూడా. దీనికి చూడండి, పెళ్లికూతురి నోరులా ఉంది." చేపని తిప్పి మొప్పల వెనక వేలు పెట్టారు. అక్కడ పొలుసు చుట్టూ గీతలా లేచి ఉంది. "ఇది వలతాడు ఒరుసుకున్న గుర్తు."

"అంటే వల చేప అంటారు."

"మీ మామయ్యగారికి వల లేదు."

"ఎవరైనా ఇచ్చుంటారండి."

"ఇస్తే ఇచ్చారని చెప్పాలి కదా? 'ఇది నన్ను అరగంట ఏడిపించింది' అన్నారు పొద్దున్న. నలభై ఏళ్లు దాటిన కాపరంలో ఆయన నాకు చెప్పిన మొదటి కథ ఇది. అదీ అబద్ధం."

ఆవిడ దగ్గర ఇంకా చాలా ఆధారాలు ఉన్నాయి. నెలన్నరగా పంచె అంచుకి బురద అంటడం లేదు. తెడ్డు పట్టుకునే చేతికి ఎప్పుడూ ఉండే వాసన లేదు. పొద్దున్నే బయల్దేరేముందు తలకి నూనె రాసుకుని దువ్వుకుంటున్నారు.

"చేపలకెందుకండీ పాపిడి?" అన్నారు.

నవ్వబోయి ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. కళ్లు చేప మీదే ఉన్నాయి.

"మిలటరీలో ఉన్నన్నాళ్లూ ఏడాదికి రెండు నెలలు కనబడేవారు. మిగతా పది నెలలూ ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో నేనెప్పుడూ అడగలేదు. నమ్మానంతే. ఇప్పుడు కళ్లెదురుగా ఉండి అబద్ధమాడుతున్నారంటే, అప్పుడు కనపడకుండా ఎన్ని ఆడారో? ఈ ఒక్కటి తేలితే నాకు ఆ పద్దెనిమిదేళ్లూ పోతాయండి. మా తమ్ముడింటికి తాళ్లరేవు వెళ్లిపోతాను. ఊళ్లోవాళ్ల గుట్లన్నీ రాస్తారు కదా, ఇది తెలుసుకుని నాకు చెప్పండి. పేపర్లో వెయ్యక్కర్లేదు."

ఆ మధ్యాహ్నం పులుసు చాలా బాగుంది. మామగారు రెండుసార్లు వేయించుకున్నారు. ఆ చేప ఎలా లాగిందో, దారం ఎలా వదిలారో నాకూ చెప్పారు. చెబుతున్నంతసేపూ కళ్లు కంచంలోనే ఉన్నాయి. సైన్యం గురించి ఒక్క మాట చెప్పని మనిషి చేప గురించి ఇంత చెప్పడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

మర్నాడు అడవిపొలం రోడ్డులో ఆయన టీ తాగే కొట్టుకి వెళ్లాను. ఏరు ఎలా ఉంది, చేపలు పడుతున్నాయా అని చుట్టూ తిప్పి, చివరికి మామగారి పేరెత్తాను.

"మిలటరీ బాబాండి? ఆయ్, రోజూ వత్తారండి. ఐదున్నరకల్లా ఉంటారు. రెండు టీలు కవర్లో కట్టించుకుని పట్టుకెళ్తారు."

"రెండా?"

"రెండేనండి. ఒకటి పంచదార లేకుండా."

మామగారికి మూడు చెంచాలు పడందే టీ టీలా ఉండదు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఏ వార్తయినా ఇంకో చోట అడిగి రూఢి చేసుకోకుండా ఇవ్వకూడదని నా కింద చేరిన కుర్ర విలేకరులకి నేనే నేర్పేవాణ్ణి. ఆ రోజు బండి తిన్నగా కనకాలపేట పోనిచ్చి, అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న అత్తగారికి రెండు టీల సంగతి చెప్పేశాను. పచ్చి వార్త చేతిలో ఉంటే ఆగలేని జబ్బు అది. ఎన్నేళ్లు పనిచేసినా తగ్గలేదు.

ఆవిడ చేట కింద పెట్టారు. "పంచదార లేకుండానా?"

"అలా అన్నాడండి."

"అంటే కాస్త వయసున్నదే" అన్నారు. మళ్లీ చేట తీసుకున్నారు.

ఆ వారమంతా ఆ ఇంట్లో ఎలా గడిచిందో మా ఆవిడ ద్వారా తెలుస్తూనే ఉంది. అత్తగారు అన్నం పెడుతున్నారు, మాట్లాడటం లేదు. గిన్నెలు మాత్రం మాట్లాడుతున్నాయి. ఆయన తెచ్చిన చేపల్ని ముట్టకుండా పక్కింటికి ఇచ్చేస్తున్నారు. నాలుగో రోజున మంచం కింద నుంచి సంచి తీసి దులిపి, చీరలు సర్దుకున్నారు. ఆయన ఏమైందని ఒకసారి అడిగారట. "మీకు తెలీదా?" అన్నారట అత్తగారు. ఆయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారట. మా ఆవిడ ఫోనులో ఆ ముక్క చెప్పినప్పుడు నాకు ఉన్న కాస్త సందేహం కూడా పోయింది. తప్పు చేసినవాళ్లు అలాగే లేచి వెళ్లిపోతారు. పోలీస్ స్టేషన్లలో, ఆఫీసుల్లో చూస్తూనే ఉన్నాను.

శనివారం తెల్లవారుతుండగా వెళ్లాను. బండిని దూరంగా ఆపి, నడిచి, గట్టు మీద తుమ్మచెట్టు వెనక నిలబడ్డాను. కింద రేవులో వల పడవలు అప్పుడే వచ్చి ఉన్నాయి. ఒక పక్కగా మామగారి పడవ. దాని తాడు గుంజకి కట్టే ఉంది. ఆయన అందులో కూర్చుని ఉన్నారు. తెడ్డు ఒళ్లో అడ్డంగా ఉంది. ఒడ్డు మీద తట్ట ముందేసుకుని చేపలు ఏరుతున్న ఒక ఆడమనిషి. యాభై పైన ఉంటుంది, వితంతువు. చేపలు కొని బజార్లో అమ్ముకునేది. ఆవిడని నేను చాలాసార్లు చూశాను. ఆవిడ చేతిలో స్టీలు గ్లాసు ఉంది. ఆయన చేతిలో ఇంకోటి.

అరగంట చూశాను. ఆయన తాడు విప్పలేదు. ఆవిడ తట్ట వదల్లేదు. ఒక్కసారి మాత్రం ఆవిడ తలెత్తి, "ఏటి బాబూ, ఇయ్యాలైనా కదుల్తావా, ఇక్కడే సంసారం పెడతావా?" అంది. సంసారం అన్న మాట చెవినపడగానే నేను జేబులో పెన్ను తడుముకున్నాను.

అప్పుడు మామగారు వెనక్కి తిరక్కుండానే, "వచ్చెయ్యండి అల్లుడుగారూ. ఆ చెట్టుకి ముళ్లుంటాయి" అన్నారు.

దిగి వెళ్లాను. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

"మీ బండి సైలెన్సరు చప్పుడు ఊరంతటికీ తెలుసు" అన్నారు. "కూర్చోండి. మీ అత్తగారు పంపించిందా?"

"అవునండి."

"ఏమనుకుంటోంది?"

చెప్పాను. చేపలావిడ గ్లాసు కింద పెట్టి, "ఓలమ్మో!" అని నోటి మీద చెయ్యేసుకుని పగలబడి నవ్వింది. "నాకు షుగరుందని ఈ బాబు చప్పటి టీ తెచ్చిపెడతన్నాడు. దానికే ఇంత కథా? ముసిలాణ్ణి ఏరుకోడానికి నాకేం కర్మ బాబూ, వల పడవల మీద కుర్రోళ్లు లేరా?"

మామగారు నవ్వలేదు. ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లేదాకా ఆగారు. తరవాత నీళ్ల వైపు చూస్తూ చెప్పారు. అంతకుముందు ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నాకు గుర్తులేదు.

రెండు నెలల కిందట పాయ పెద్ద ఏట్లో కలిసే చోట పడవ తిరగబడింది. పాటు లాగుతోంది, పైనుంచి వరద నీరు తోస్తోంది. ఆయన పడవ కింద ఉండిపోయారు. బోర్లాపడిన పడవ లోపల కాస్త గాలి ఉంటుంది. ఆ చీకట్లో బల్ల పట్టుకుని వేలాడారు. చేపలావిడ అన్నదమ్ముల పడవ అటు వస్తుంటే అరుపు విని లాగారు.

"అరిచింది నేనేనట" అన్నారు. "నాకు తెలీదు. బల్లని కూడా నా చేతులు వదల్లేదట, వేళ్లు ఒక్కొక్కటీ విప్పారట."

ఆ మర్నాడు మామూలుగానే వచ్చారు. తాడు విప్పబోయి, మళ్లీ ముడి బిగించి పడవలో కూర్చుండిపోయారు. ఆ మర్నాడూ అంతే. తగ్గిపోతుందనుకున్నారు. రోజూ వచ్చి కూర్చుంటున్నారు. ఇంటికి ఉత్త చేతులతో వెళ్తే అడుగుతారని చేప కొని తీసుకెళ్తున్నారు.

"కొండ మీద పద్దెనిమిదేళ్లు తోలాను. పక్కన ఏమీ లేని రోడ్డు. ఒక్కసారి కూడా ఇలా కాలేదండి. ఇదేం ఖర్మో."

"ఇది అత్తయ్యగారికి చెబితే సరిపోయేది కదండీ."

ఆయన మొదటిసారి నా వైపు తిరిగారు. "చెప్పకండి."

"ఆవిడ సంచి సర్దుకున్నారండి. మీకు ఎవరో ఉన్నారనుకుని."

ఆయన ఆలోచన ముఖం మీద నడుస్తుంటే చూశాను.

"అదైనా పర్లేదు. అలాగే అనుకోనీండి. భయపడుతున్నానని మాత్రం చెప్పకండి."

తిరిగి వస్తూ దారిలో నాకు ఇంకో అనుమానం వచ్చింది. ఇదంతా నిజమేనా? ఇంకేదో దాచడానికి ఈ భయం కథ అల్లి ఉండొచ్చు కదా? ఆడమనిషి నవ్వినంత మాత్రాన ఏం తేలింది? బజారుకి వెళ్లి ఆవిణ్ణి మళ్లీ అడిగాను. తిరగబడిన పడవ, విప్పిన వేళ్లు, అన్నీ పొల్లుపోకుండా చెప్పింది. కాని ఇద్దరు కలిసి రోజూ టీ తాగుతారు. అలాంటి ఇద్దరు చెప్పినదాన్ని ఏ పేపరు డెస్కులోనూ రెండు సాక్ష్యాలుగా తీసుకోరు. ఆవిడ అన్నదమ్ముల్ని కూడా వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్లూ అదే చెప్పారు. అయినా పూర్తిగా నమ్మాలంటే మనసు ఒప్పలేదు. నమ్మకపోవడం అలవాటైపోయిన మనిషికి ఆధారం దొరికినా సుఖం ఉండదు.

ఆ సాయంత్రం అత్తగారికి, "అక్కడ ఎవరూ లేరండి" అని చెప్పాను.

"మరి రెండో టీ?"

"చేపలమ్మే ఆవిడకి. షుగరు జబ్బుంది. చేప ఆవిడ దగ్గరే కొంటున్నారు."

"కొంటే పట్టానని ఎందుకు చెబుతున్నారు?"

నేను బండి తాళం కోసం జేబు తడుముకున్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మా ఊళ్లో చాలామంది నన్ను అలా చూశారు. ఇంట్లోవాళ్లు చూడటం మాత్రం అదే మొదటిసారి.

"మీకూ చెప్పొద్దన్నారన్నమాట. బాగుంది. మామా అల్లుడూ ఒకటైపోయారు" అన్నారు. "నా సంగతి నేనే చూసుకుంటాను."

తమ్ముడింటికి వెళ్తారనుకున్నాం. మా ఆవిడ ఏడ్చింది. కాని ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు. సోమవారం తెల్లవారుజామున మామగారు చెప్పులేసుకునేసరికి తలుపు దగ్గర ముతక చీర కట్టుకుని నిలబడి ఉన్నారట. కొంగు నడుముకి దోపుకుని, "నేనూ వస్తా. పదండి, ఎలా పడతారో చూస్తా" అన్నారట. అన్నేళ్లలో ఆవిడ ఆ పడవ ఎక్కడం కాదు కదా, దాన్ని చూసింది కూడా లేదు.

అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. రెండు కథలు విన్నాను.

మామగారు చెప్పింది ఇదీ. "ఎక్కించాను. తాడు ముడి మీద చెయ్యి వేశానో లేదో, మీ అత్తగారు కెవ్వుమని అరిచింది. భయపడిపోయింది, పాపం. దింపేశాను." ఈ మాట ఆయన ఆ తరవాతి ఆదివారం అందరి ముందూ చెప్పారు. గొంతు చాలా రోజుల తరవాత తేలిగ్గా ఉంది.

చేపలావిడ చెప్పింది వేరు. "అమ్మగారు ఎక్కి, అరుగు మీద కూకున్నట్టు కూకున్నారండి. కాళ్లు కూడా సాపుకున్నారు. బాబు తాడు కాడికెళ్లి నిలబడిపోయాడు. చానాసేపు. ముడి ఇప్పబోయి మళ్లీ బిగించేశాడు, రెండు సార్లు. అమ్మగారూ చూశారు. నన్నొకసారి చూశారు, నీళ్లవైపు చూశారు. అప్పుడు అన్నారు, 'ఏవండీ, నాకు భయమేస్తోంది. దించెయ్యండి' అని. అరవలేదండి. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అన్నారు."

"బాబు ఏమన్నారు?"

"'అయితే వద్దులే' అన్నాడండి. ఎంటనే."

అత్తగారు సంచిలోంచి చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టారు. ఏం తెలుసుకున్నారో ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు ఫోను చేసి ఏమైందని అడిగితే "నీ పని నువ్వు చూసుకో" అన్నారట. మా ఆవిడ నిలదీస్తే, "నాకు కళ్లు తిరిగాయే" అన్నారట.

నెల తిరక్కుండానే మామగారు పడవ అమ్మేశారు. అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు. "మా ఆవిడకి నీళ్లంటే భయం. నేను ఏట్లో ఉంటే ఇంట్లో కూర్చుని హడలిపోతోంది. ఈ వయసులో ఆవిణ్ణి బాధపెట్టడమెందుకు?" మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తరవాత అత్తగారి వైపు చూశాను. "అవునండీ, నా గుండె ఆగదు" అంటూ ఆవిడ వంతపాడుతున్నారు.

ఆ భయం పేరుతో ఆవిడ బాగానే మాటలు పడ్డారు. ఊళ్లో ఆడవాళ్లు పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురుగానే అనేవారు. "పిన్నీ, మిలటరీవాణ్ణి కూడా కొంగున కట్టేసుకున్నావు కదే!" "ఏటి మధ్య పులిలా తిరిగే మనిషి, గట్టు మీద పిల్లిని చేసేశావు." ఆవిడ నవ్వేవారు. "నా భయం నాది" అనేవారు. తమ్ముడైతే వచ్చినప్పుడల్లా వేళాకోళం చేసేవాడు.

మామగారు ఆ తరవాత గట్లు పట్టుకుని నడిచేవారు. మనవలకి అడుగులు చూపించేవారు, పిట్టల గొంతులు చెప్పేవారు. నీళ్లకి పదడుగుల దూరంలో ఆగిపోయేవారు. చేపలావిడ రోజూ ఇంటికే తెచ్చేది. అత్తగారు ఆవిణ్ణి గుమ్మంలోనే కూర్చోబెట్టి పంచదార లేని టీ ఇచ్చి, తరవాత బేరం మొదలుపెట్టేవారు. "నోరు మూసుకుని ఇయ్యి. నువ్వు నా మొగుడికి అమ్మిన రేటెంతో నాకు తెలీదనుకున్నావా?" అనేవారు. నేను అక్కడ ఉంటే చేపలావిడ నా వైపు చూసి కళ్లెగరేసేది.

ఆయన నాతో మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. నేను అత్తగారికి చెప్పానా లేదా అనీ అడగలేదు. కాని అప్పుడప్పుడూ నన్ను పక్కనుంచి చూసేవారు. ఈ మనిషి ఎంతకాలం నోరు మూసుకుంటాడు అన్నట్టు ఉండేది ఆ చూపు. ఆయనకి నా మీద ఉన్న అనుమానం చివరిదాకా పోలేదు. నాకూ అంతే. ఆవిడకి తెలిసిపోయిందని ఆయనకి తెలుసా? తెలిసే ఆ భయం కథని అందరికీ పంచిపెట్టారా? భోజనాల దగ్గర ఇద్దర్నీ చూస్తూ ఈ సంగతి తేల్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఒకసారి చారు వడ్డిస్తూ ఆవిడ, "అల్లుడుగారూ, అన్నం చూసుకుని తినండి. మా మొహాల్లో ఏమీ రాసిలేదు" అన్నారు.

పోయిన మాఘంలో మామగారు పోయారు. మధ్యాహ్నం కాసేపు పడుకుంటానని పడుకుని లేవలేదు. ఊళ్లోని మాజీ సైనికులు వచ్చి జెండా కప్పి దండం పెట్టారు. వాళ్లలో ఒకాయన ఆయన కొండల్లో బండి తోలిన కథ ఒకటి మొదలుపెట్టారు. సగంలో అత్తగారు లోపలి నుంచి పిలవడంతో ఆగిపోయింది. తరవాత వెళ్లి ఆ మిగతా సగం అడుగుదామనుకున్నాను. ఇంతవరకూ వెళ్లలేదు.

అస్థికలు కలపడానికి పెద్ద ఏట్లోకి పడవ మాట్లాడారు. మగవాళ్లం నలుగురం చాలనుకున్నాం. అత్తగారు బయల్దేరి వచ్చారు. రేవులో ఆవిడ తమ్ముడు కంగారుపడ్డాడు. "అక్కా, నీకు పడవంటే ప్రాణభయం కదా. ఒడ్డున కూర్చో, మేం కానిచ్చి వస్తాం."

"వస్తాన్రా. ఎలాగోలా కళ్లు మూసుకుని కూర్చుంటాను" అన్నారు.

మధ్యలో కూర్చోబెట్టాం. తమ్ముడు ఒక పక్క, నేను ఒక పక్క. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. పాయ దాటి పెద్ద ఏట్లోకి వచ్చేసరికి పడవ బాగా ఊగింది. నాకు ఈత రాదు, బల్ల గట్టిగా పట్టుకున్నాను. తమ్ముడు, "భయపడకు అక్కా, దగ్గరికి వచ్చేశాం, నా చెయ్యి పట్టుకో" అంటూనే ఉన్నాడు. ఆవిడ "అమ్మో, అమ్మో" అంటూ కళ్లు మూసుకున్నారు. ఒక చెయ్యి అతని చేతిలో పెట్టారు, ఇంకోటి నా చేతి మీద వేశారు.

నా చెయ్యి చెమట పట్టి ఉంది. ఆవిడ చెయ్యి పొడిగా, వదులుగా ఉంది. బియ్యం ఏరేటప్పుడు చేట మీద ఆనించే చెయ్యిలా. పడవ ఎంత ఊగినా దాని బరువు మారలేదు. అస్థికల కుండ వదలాల్సిన చోటికి వచ్చాక, కళ్లు మూసుకునే ఉండి, "ఇంకాస్త లోపలికి పోనివ్వమనండి అల్లుడుగారూ. ఇక్కడ లోతు చాలదు" అని నా చెవిలో అన్నారు.